హనోయి మ్యూజియంలో ఆదివారాలు

గత నెల హనోయి నుంచి ఒక ఈమెయిల్ వచ్చింది. రాసింది నా పాత సహోద్యోగి మనవరాలు. తాతయ్య పోయారనీ, ఆయన కాగితాల మధ్య నా చిరునామా దొరికిందనీ, తెలియజేయాలనిపించిందనీ నాలుగు వాక్యాలు. జతగా ఒక ఫోటో. పసుపు గోడ ముందు ఆయనా నేనూ, ఇద్దరి చేతుల్లోనూ ముడిచిన గొడుగులు. నేను నవ్వుతున్నాను, ఆయన నవ్వడం లేదు. కెమెరా ఎదుట నవ్వడం ఆయనకు ఎందుకో నామోషీ.

ఆ గోడ వియత్నాం జాతీయ చరిత్ర మ్యూజియంది. 1990ల మధ్యలో ఎర్రనది కరకట్టల పథకం ఒకదానికి లెక్కలు చూసే పని మీద ఆ ఊళ్లో ఉన్నప్పుడు నా ఆదివారాలు చాలావరకు ఆ భవనంలోనే గడిచాయి. అప్పట్లో అక్కడ వారానికి ఆరు రోజుల పని. ప్రభుత్వ కార్యాలయాలకు శనివారం సెలవు 1999లో గానీ రాలేదు. ఉన్న ఒక్క ఆదివారాన్నీ పొదుపుగా వాడుకోవాల్సి వచ్చేది.

సహోద్యోగి పేరు రాయను. పెద్దాయన అంటాను, చాలు. ఆయన నదుల నీటిమట్టాలు చూసే ఇంజనీరు. బడిలో ఫ్రెంచి చదివారు, సోవియట్ యూనియన్‌లో రష్యన్ నేర్చుకున్నారు, యాభై దాటాక రేడియో వింటూ ఇంగ్లిషు పట్టుకున్నారు. పరిచయమైన రోజే నా వయసెంతని అడిగారు. వియత్నాంలో వయసు తెలియకపోతే ఎదుటి మనిషిని ఎలా పిలవాలో తేలదు. లెక్క చూసుకుని నన్ను తమ్ముణ్ణి చేసేశారు. ఆ తర్వాత ఆఫీసులో ఎవరూ నన్ను వేరేలా చూడలేదు.

*

ఆనాటి హనోయి చప్పుడే వేరు. తెల్లవారగానే స్తంభాల మీది లౌడ్‌స్పీకర్లు మొదలయ్యేవి. సంగీతం, వార్తలు, పేటలో ఎవరు ఏం చేయాలో చెప్పే ప్రకటనలు. కిటికీ మూసినా లాభం లేదు. ఆ తర్వాత సైకిళ్లు. వీధి నిండా సైకిళ్లు కదులుతుంటే గొలుసుల గరగర, గంటలు, వాటి మీదుగా మనుషుల మాటలు వినిపించేవి. పక్కపక్కనే తొక్కుతూ ఇంటి సంగతులన్నీ మాట్లాడుకునేవారు. నడుమ అక్కడక్కడా హోండా మోపెడ్లు, ముందు సీటులో మనిషిని కూర్చోబెట్టి వెనక నుంచి తొక్కే సైక్లోలు. 1986లో మొదలైన ఆర్థిక సంస్కరణల ఫలితం దుకాణాల్లో అప్పుడప్పుడే కనిపిస్తోంది. అమెరికా ఆంక్షలు 1994లో తొలగాయి. డబ్బంటే నోట్ల కట్టలు. ప్లాస్టిక్ నోట్లు 2003లో వచ్చాయి, అప్పటివి మెత్తటి కాగితంవి, చేతి చెమటకు ఒకదానికొకటి అంటుకునేవి.

ఇంకో గొంతు కూడా చెవిలో ఉండిపోయింది. రేడియోలో నదుల నీటిమట్టాలు చదివే గొంతు. ఊరు పేరు, మీటర్లు, మళ్లీ ఊరు పేరు, మీటర్లు. భావమేమీ లేకుండా, తొందర లేకుండా చదివేవారు. హనోయి దగ్గర ఎర్రనది 9.5 మీటర్లకు చేరితే మొదటి హెచ్చరిక, 10.5కు రెండోది, 11.5కు మూడోది. వరద రోజుల్లో ఆఫీసంతా ఆ గొంతు చుట్టూ పెన్నులు పట్టుకుని నిలబడేది. నిజానికి ఆ అంకెలు మా ఆఫీసుకు టెలిఫోనులో ముందే వచ్చేవి. అయినా రేడియోలో విన్నాకే పెద్దాయన వాటిని పుస్తకంలోకి ఎక్కించేవారు. ఎందుకని అడిగితే, ఊరంతా విన్న అంకే అసలు అంకె అన్నారు. 1971 ఆగస్టులో కట్టలు తెగిన ఏడు ఆయన ఎక్కడున్నారో నాకు చాలాకాలం చెప్పలేదు. "ఆ నెల పడుకోలేదు" అనేవారు, అంతే.

*

మ్యూజియం ఒపేరా హౌస్ వెనక, ట్రాంగ్ తియెన్ వీధి చివర ఉంటుంది. అదే వీధిలో 1958 నుంచీ పేరున్న ఐస్‌క్రీం దుకాణం. చలికాలంలోనూ జనం అక్కడ సైకిల్ మీద కూర్చునే, ఒక కాలు నేల మీద ఆనించి తినేవారు. మాది కూడా ముందు ఐస్‌క్రీం, తర్వాత చరిత్ర. పెద్దాయనకు ఈ వరస మారితే ఒప్పదు.

భవనాన్ని ఫ్రెంచివాళ్లు 1926లో మొదలుపెట్టి 1932లో ముగించారు. వాస్తుశిల్పి ఎర్నెస్ట్ ఎబ్రార్. అప్పుడు దాని పేరు లూయీ ఫినో మ్యూజియం. ఫినో వాళ్ల ప్రాచ్య పరిశోధన సంస్థకు మొదటి డైరెక్టర్. ముందువైపు ఎనిమిది పలకల మండపం, దాని మీద అంతస్తులుగా పెంకుల కప్పు, ఎండ నేరుగా తగలకుండా రెండు పొరల గోడలు, చుట్టూ వరండాలు. ఐరోపా భవనాన్ని అలాగే తెచ్చి ఉష్ణదేశంలో దించకుండా, గాలికీ వానకూ సర్దుబాటు చేసిన తీరు చూస్తే ఆ వాస్తుశిల్పి మీద గౌరవం కలుగుతుంది. వలసపాలకుల కట్టడాన్ని మెచ్చుకుంటున్నానని పెద్దాయన ఒకసారి ముఖం చిట్లించారు. "చెమట పట్టింది మా కూలీలకు" అన్నారు. 1958లో వియత్నాం ప్రభుత్వం దాన్నే తమ చరిత్ర మ్యూజియంగా తెరిచింది.

టికెట్ కిటికీ దగ్గర ప్రతిసారీ ఒక తంతు. ఆ రోజుల్లో విదేశీయులకు రైలు దగ్గర్నుంచీ వేరే ధర. పెద్దాయన రెండు వేళ్లు చూపించి స్థానికుల టికెట్లు అడిగేవారు. లోపలి ఆవిడ నన్ను చూసేది. "మా తమ్ముడు" అనేవారు ఆయన, ఏమాత్రం తొణక్కుండా. ఆవిడ పగలబడి నవ్వి, ఒకటి స్థానికులది, ఒకటి విదేశీయులది చించి ఇచ్చేది. ఆ తంతు ఎప్పుడూ అలాగే ముగిసేది. అయినా ఆయన మానలేదు, ఆవిడ నవ్వడమూ మానలేదు.

లోపల వాసన చెప్పాలి. ఫిబ్రవరి, మార్చిలో ఉత్తర వియత్నాంలో సన్నటి తుంపర రోజుల తరబడి పడుతుంది. గాలిలో తేమ ఎంతగా నిండుతుందంటే నేల, గోడలు, అద్దాలు చెమర్చుతాయి. మ్యూజియం పలకల మీద నీళ్లు నిలిచేవి. కాపలా ఆడవాళ్లు గుడ్డలు పట్టుకుని తుడుస్తూనే ఉండేవారు, తుడిచిన చోట మళ్లీ తడి. తడిసిన సున్నం, పాత కర్ర, గొడుగుల నుంచి కారే వాన, అన్నీ కలిసిన వాసన అది. గదికొక కాపలా మనిషి. మనం అడుగుపెడితే దీపం వేసేది, బయటికి రాగానే ఆర్పేది. చలికాలంలో ఆ కుర్చీలో కూర్చునే స్వెట్టర్ అల్లుకునేది. ఒక వారం చేతుల వరకూ ఉన్న స్వెట్టరు మరో వారానికి మెడ దాకా వచ్చేది. వేల ఏళ్ల వస్తువుల మధ్య కాలం నడుస్తున్నట్టు తెలిసేది ఒక్క ఆ ఊలు దారంలోనే.

*

మ్యూజియంలో అందరూ ఆగేది బాక్ డాంగ్ గుంజల దగ్గర. పెన్సిల్ చెక్కినట్టు కొస తీసిన లావుపాటి చెట్టు మొదళ్లు, నల్లబడి, బీటలు వారి నిలబడి ఉంటాయి. చెప్పకపోతే వంటచెరకు అనుకుని దాటిపోతాం. ఆ దేశం తన గురించి తాను చెప్పుకునే కథల్లో సగం బరువు వాటి మీదే ఉంది.

బాక్ డాంగ్ నది హైఫాంగ్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. 938లో వియత్ నాయకుడు న్గో క్వియెన్ ఆ నది అడుగున గుంజలు పాతించి దక్షిణ హాన్ రాజ్యపు నౌకల్ని ఓడించాడు. వెయ్యేళ్ల చైనా పాలనకు తెర దించిన యుద్ధమది. 1288 ఏప్రిల్‌లో వియత్ సేనాపతి ట్రాన్ హుంగ్ దావ్ అదే నదిలో అదే ఉపాయంతో మంగోలుల నౌకాదళాన్ని నాశనం చేశాడు. చిన్న పడవలు ఎదురెళ్లి, ఓడిపోతున్నట్టు నటిస్తూ వెనక్కి తగ్గాయి. పోటు మీదున్న నీటిలో గుంజలు కనిపించక పెద్ద నౌకలు వాటి మీదుగా లోపలికి వచ్చేశాయి. నీరు తీసింది. బరువైన నౌకలు గుంజలకు తగిలి చిక్కుబడ్డాయి. తర్వాతి కాలంలో నది మేట వేయడంతో ఆ గుంజలు పొలాల కింద ఉండిపోయాయి, 1950ల నుంచి తవ్వకాల్లో బయటపడుతూ వచ్చాయి.

ఈ కథ బడిపిల్లలందరికీ వచ్చు. పెద్దాయన చెప్పే తీరు మాత్రం వేరు. టికెట్ తిప్పి, దాని వెనక ఆటుపోటుల గీత గీసేవారు. "తమ్ముడూ, నువ్వు చూసిన తీరాల్లో రోజుకు ఎన్ని పోట్లు?" రెండు అన్నాను. "ఇక్కడ ఒకటే." నిజమే, టాంకిన్ సింధుశాఖలో రోజుకు ఒకే పోటు, ఒకే ఆటు. సగం రోజు నీరు ఎక్కుతుంది, సగం రోజు దిగుతుంది. పెద్ద పోటు రోజుల్లో తేడా మూడు, నాలుగు మీటర్లు. కొన్ని రోజులు అసలు తేడా తెలియనంత తక్కువ. అంటే సేనాపతి తప్పు రోజు ఎంచుకుంటే గుంజలు రోజంతా నీటి కిందే ఉండిపోతాయి, లేదా పొద్దున్నే శత్రువు కంటపడతాయి. రోజు తెలియాలి, గంట తెలియాలి, ఆ గంట దాకా శత్రువును కబుర్లతో కాలక్షేపం చేయిస్తున్నట్టు ఆపగలగాలి. "అందరూ ధైర్యం అంటారు. ధైర్యం అందరికీ ఉంది, మంగోలులకూ ఉంది. వీళ్ల దగ్గర నీటిమట్టాల పట్టిక ఉంది" అనేవారు పెద్దాయన. ఆ పట్టికను జాలరుల నోటి నుంచే సేకరించి ఉంటారని ఆయన నమ్మకం. దానికి ఆధారం చూపించమంటే నవ్వేవారు.

ఆయనకు ఇంకో ఇష్టమైన వస్తువు న్గొక్ లూ కంచుడోలు. మధ్యలో 14 కిరణాల నక్షత్రం, దాని చుట్టూ వలయాలుగా జింకలు, పొడవు ముక్కు పక్షులు, ఈకల తలపాగాల మనుషులు, రోకళ్లతో దంచుతున్న జంట, అన్నీ ఒకే వైపుకు, గడియారం ముల్లుకు ఎదురుదిశలో నడుస్తుంటాయి. రెండు వేల ఏళ్లకు పైబడిన దాంగ్ సన్ కాలపు పని. పనితనం గురించి నేను మాట్లాడుతుంటే ఆయన అడ్డుపడేవారు. అది 1893లో కరకట్ట పనికి మట్టి తవ్వుతుంటే దొరికిందట. కట్ట కట్టేవాళ్లు లేకపోతే మ్యూజియానికి ఈ డోలు లేదని, కాబట్టి ఆ ఘనతలో మా శాఖకూ వాటా ఉందని ఆయన వాదన.

చెట్టు మొద్దును తొలిచి చేసిన వియెత్ ఖే శవపేటిక, పడవ ఆకారంలో, ఆ పక్క గదుల్లోనే ఉంటుంది. రాజుల ముద్రలు, ముత్యపుచిప్ప పొదిగిన బల్లలు చాలా ఉన్నాయి. వాటిని మేం నడుస్తూనే చూశాం.

*

నేను మాత్రం ఒక రాయి కోసం వెళ్లేవాణ్ణి. మధ్య వియత్నాంలో ఒకప్పుడు చాం ప్రజలు ఏలిన చంపా రాజ్యపు శిల్పాల మధ్య శివుణ్ణీ అప్సరసల్నీ చూడటానికి వచ్చినవాళ్లు దాని వైపు కన్నెత్తి చూడరు. మనిషిని మించిన ఎత్తు, మొరటు గ్రానైట్, ముఖాన అరిగిపోయిన అక్షరాలు. వో కాన్ శాసనం. 1885లో దక్షిణ తీరాన న్యా చాంగ్ ఊరి దగ్గరి వో కాన్ గ్రామంలో దొరికింది. ఆగ్నేయాసియాలో దొరికిన సంస్కృత శాసనాల్లో అతి పురాతనమైన వాటిలో ఒకటిగా దీన్ని లెక్కిస్తారు. కాలం రెండు నుంచి నాలుగు శతాబ్దాల మధ్య అని పండితుల తగవు. లిపి దక్షిణ భారతంలో శాతవాహనుల, ఇక్ష్వాకుల శాసనాల లిపికి దగ్గరగా ఉందని కొందరు చూపించారు. ఈ సంగతి చదివాక నాకు ఆ రాయి ముందు నుంచి కదలబుద్ధి కాలేదు. అక్షరాలు చదవలేను, గుర్తుపట్టనూ లేను. ఐనా నిలబడేవాణ్ణి. స్వెట్టర్ అల్లుతున్న ఆవిడ దీపం ఆర్పాలో వద్దో తెలియక చూసేది.

ఒక ఆదివారం పెద్దాయన ఏదో గ్రంథాలయం నుంచి పాత ఫ్రెంచి వ్యాసం నకలు తెచ్చారు. శాసన పాఠం రోమన్ అక్షరాల్లో ఉంది, కింద ఫ్రెంచి అనువాదం. వరండా మెట్ల మీద కూర్చున్నాం. ఆయన అనువాదాన్ని మెల్లగా ఇంగ్లిషులోకి తిప్పుతున్నారు. ఆయన నోట మాట రాకముందే నేను అందుకున్నాను: వెండి, బంగారం, స్థావర జంగమాలు, ధాన్యపు కొట్టు. శ్రీమారుడనే రాజు వంశానికి చెందిన వ్యక్తి తనకున్నదంతా అయినవాళ్ల హితం కోరి వదులుకున్నానని, ముందుముందు వచ్చే రాజులు దాన్ని మన్నించాలని రాయించుకున్నది. పెద్దాయన కాగితం మడిచి, "ముందే చదివి వచ్చావు" అన్నారు. లేదు, ఆ మాటలన్నీ మేం రోజూ వాడేవే అన్నాను. నమ్మలేదు. ఇంకో వాక్యం వేలితో మూసి, సంస్కృతం మాత్రమే చూపించి పరీక్ష పెట్టారు. అందులో నేను సగం మార్కులే తెచ్చుకున్నాను. దాంతో ఆయన నమ్మారు.

ఆ రాయి చంపాదా, పొరుగున ఉన్న ఫునాన్‌దా అన్న తగవు కూడా ఉంది. పెద్దాయనకు ఆ తగవు పట్టలేదు. ఆయన పట్టుకున్న సంగతి వేరు. చంపా రాజధాని విజయను 1471లో వియత్ రాజు గెలుచుకున్నాడు. మిగిలిన కాస్త భూమినీ 1832లో కలిపేసుకున్నారు. గెలిచినవాళ్ల రాజధానిలో, గెలిచినవాళ్ల మ్యూజియంలో ఆ రాయి ఎందుకు? దనాంగ్‌లో 1919 నుంచీ చాం శిల్పాల మ్యూజియం ఉంది. న్యా చాంగ్‌లో పో నగర్ గుడి నేటికీ నిలిచి ఉంది. అక్కడికి పంపాలి అనేవారు. యుద్ధంలో పోరాడిన తరం మనిషి, బాక్ డాంగ్ గుంజల ముందు ఛాతీ విరుచుకునే మనిషి, ఈ మాట అనడం నాకు అప్పట్లో వింతగా ఉండేది. నేను వద్దనేవాణ్ణి. దేశం కథంతా ఒకచోట చూడాలంటే ఓడినవాళ్ల రాయి కూడా ఇక్కడే ఉండాలి కదా అని నా మాట. మ్యూజియం మధ్యాహ్నం మూసేస్తారు, మమ్మల్ని బయటికి పంపేవారు. వాదన వీధిలో సాగేది, పీటల మీద కూర్చుని టీ తాగేచోట సాగేది, లాంగ్ బియెన్ వంతెన దాకా సాగేది.

ఆ వంతెన మీదికి వచ్చాక మాత్రం ఆయన మౌనం. 1902లో పూర్తయిన ఫ్రెంచి ఇనుప వంతెన, 1967లోనూ 1972లోనూ అమెరికా బాంబులు తిన్నది. కూలిన చోట్ల వేసిన కొత్త కమానులు వేరే ఆకారంలో ఉంటాయి, చూస్తే తెలిసిపోతుంది. రైలు వస్తే పలకలన్నీ మోగేవి. ఆయన కింద నీళ్ల వైపు చూసి మట్టం ఎంతుందో అంచనా కట్టి చెప్పేవారు. మర్నాడు పుస్తకంలో చూసుకుంటే కొన్ని సెంటీమీటర్ల తేడా.

*

చాలా ఏళ్ల తర్వాత మరోసారి వెళ్లాను. వీధి దాటడానికే భయం వేసింది, సైకిళ్లన్నీ మోటారు సైకిళ్లయ్యాయి. కబుర్లు వినిపించే వీధి కాదది ఇక. 2011లో ఎదురుగా ఉన్న విప్లవ మ్యూజియాన్నీ దీనితో కలిపి ఒకే సంస్థ చేశారు. పాత భవనంలో ఆదిమకాలం నుంచి 1945 దాకా, వీధి అవతలి పాత కస్టమ్స్ భవనంలో ఆ తర్వాతి కథ. కంచుడోలుకు 2012లో, శవపేటికకూ వో కాన్ రాయికీ 2013లో జాతీయ నిధి హోదా ఇచ్చారు. వస్తువుల పక్కన ఇంగ్లిషు వివరాలు వచ్చాయి. దీపాలు వెలుగుతూనే ఉంటాయి. పాత రోజులే బాగున్నాయని అనను. అప్పట్లో పెద్దాయన పక్కన లేని విదేశీయుడికి ఆ గదుల్లో సగం అర్థం కాకుండానే పోయేది. దీపం ఆర్పే ఆవిడ లేకపోవడం మాత్రం వెలితిగా అనిపించింది.

పెద్దాయన చేతికర్రతో వచ్చారు. టికెట్ కిటికీలో కుర్ర అమ్మాయి. "మా తమ్ముడు" అన్నారు. ఆ అమ్మాయి నవ్వకుండా, ధర అందరికీ ఒకటేనండీ అంది. ఆయనకు చాలా నిరాశ.

గుంజల దగ్గర బడిపిల్లల గుంపు. టీచరు వాళ్లకు వీరత్వం గురించి చెబుతోంది. పెద్దాయన కాసేపు విన్నారు, ఇక ఉండబట్టలేక ముందుకెళ్లి పోటు ఎన్నిసార్లు వస్తుందని పిల్లల్ని అడిగారు. టీచరు ముఖం ముడుచుకుంది. వెనక నిలబడ్డ ఒక కుర్రాడు ఒకటే అన్నాడు. వాళ్ల తాత హైఫాంగ్‌లో పడవ నడుపుతాడట. పెద్దాయన నా వైపు తిరిగి, "చూశావా, జాలరులు" అన్నారు. ఇన్నేళ్ల తర్వాత దొరికిన ఆధారం అదీ.

వీధి అవతలి భవనానికి వెళదామా అని అడిగాను. అందులో విప్లవం, రెండు యుద్ధాలు ఉన్నాయి. ఆయన రానన్నారు. "నేను ఉన్న రోజుల్ని నేనే టికెట్ కొని చూడనా?" నేనొక్కణ్ణే వెళ్లి వచ్చాను. ఆయన ఐస్‌క్రీం దుకాణం దగ్గర కూర్చుని నాకోసం చూస్తున్నారు. వరస మారినందుకు అప్పుడూ సణిగారు.

ఆ తర్వాత ఉత్తరాలే. ఆయన రాసిన చివరి ఉత్తరంలో కూడా వో కాన్ రాయి ఉంది, న్యా చాంగ్‌కు పంపాలన్న మాట ఉంది. జాతీయ నిధి అన్నాక ఇక కదలనివ్వరని బాధ కూడా ఉంది. జవాబులో నేను హనోయి తరఫున మూడు కారణాలు రాశాను. మొదటి రెండూ పాతవే, ఆయన ఎప్పుడో కొట్టేసినవే. మూడోది కొత్తది: శాసనంలో మొదటి పంక్తులు ఇప్పటికే దాదాపు చెరిగిపోయాయి, టన్నుల బరువున్న రాయిని మళ్లీ అంత దూరం లారీలో కుదిపితే మిగిలినవీ పోతాయి. దీనికి ఆయన దగ్గర్నుంచి తిరుగు ఉత్తరం రాలేదు. వచ్చి ఉంటే అందులో ఒక పడవ బొమ్మ, హైఫాంగ్ పోటు వేళలు, రాయిని ఏ రోజు ఏ గంటకు ఎక్కించాలో ఒక పట్టిక ఉండి ఉండేవి.